కందూరు పొయ్యి నిప్పు

ఏప్రిల్ 14, సోమవారం

మల్లయ్యన్నను పట్టుకపోయిండ్రు. పొద్దుగాల, ఊరంత సూస్తుండంగ, జీపు ఎక్కించి. ఇయ్యాల సర్కారు సెలవు. బడి బంద్, బ్యాంకు బంద్. మనిషిని పట్టుకపోయే పనికి మాత్రం సెలవు లేదు.

గుట్టకు నిప్పు ఆయననే పెట్టిండంట. కొత్త గడ్డి మొలవాలని మేకలోళ్ళే పెడ్తరంట. నిన్న పొద్దుమీకి గుట్ట అంటుకున్నప్పుడు అందరికంటె ముందు ఉరికిందెవరు? ఆయననే. పచ్చి మోదుగ మండ పట్టుకొని కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కినయ్. గా బొబ్బలే సాక్ష్యం అంటున్నరు ఇప్పుడు! నిప్పు ఆర్పినోని చేతులు కాలక, ఆఫీసుల కుర్చీ మీద కూసున్నోని చేతులు కాల్తయా?

మేకల మందను బందెలదొడ్డిల ఏసిండ్రు. ఆయన భార్య యాదమ్మక్క జీపు ఎనుక ఉరికి ఉరికి రోడ్డు మీద కూలబడ్డది. నేను పోయి లేపిన. నా భుజం పట్టుకున్నది, ఇడువలే.

ఇంటికొచ్చి ఈయనకు చెప్పిన. దూది పరుపు కుట్టుకుంట, సూది దిక్కే సూస్తూ, "మనకెందుకే" అన్నడు. ఎప్పుడు సూడు గదే మాట. మనకెందుకు, మనకెందుకు. మల్ల ఎవరికి?

ఏప్రిల్ 15, మంగళవారం

నిద్ర సరిగ లేదు. గుస్స తగ్గుతలేదు. రాస్తెనన్న తగ్గుతదేమో.

నిప్పు ఎక్కడికెళ్ళి వచ్చిందో నాకు తెల్వదా? చెరువు కట్ట కాడ రిసార్టు ఉన్నది. పట్నం పిలగాండ్లు రోజు మొద్దులు కాల్చుకుంట, సుట్టు కూసోని పాటలు పెట్టుకొని ఎగురుతరు. ఆదివారం గూడ కాల్చిండ్రు. మేం గుట్ట మీదికెళ్ళి పొగ సూసినం. వాళ్ళను అడిగినోడు లేడు. వాళ్ళకు పర్మిషన్ ఉన్నదంట. నిప్పుకు గూడ పర్మిషన్ ఉంటదా! రిసార్టు నిప్పు ఎగరదు, మేకలోని నిప్పే ఎగుర్తదా?

మాకేమో ఫిబ్రవరి నుంచి ఆటోకు మైకు కట్టి ఒకటే చాటింపు. వానలు పడేదాక అడవిల నిప్పు పెట్టొద్దు, బీడీ తాగొద్దు, వంట చేయొద్దు, పెడితే జైలే. గుట్ట ఎక్కే తొవ్వల బోర్డు పెట్టిండ్రు, ఎర్ర అక్షరాలు.

గా బోర్డు మీదనే నాకు ముందు నుంచి కోపం. మా వదిన హుసేనమ్మ — ఈయన అక్క, నకిరేకల్‌ల ఉంటది — ఆమె మనుమడు పుట్టంగనే పాణం మీదికొచ్చి పట్నం దవాఖానల అద్దాల పెట్టెల ఉన్నడు. గప్పుడు గుట్ట మీది దర్గకు కందూరు మొక్కింది. పిలగాడు బతికిండు. మొక్కు తీర్చాలె కదా. అడవిని సూసే బీట్ సారును అడిగితే ఏమన్నడు? "ఇంట్ల వండుకొని డబ్బాలల్ల తెచ్చుకోరాదు?" కందూరుకు డబ్బాలల్ల తెస్తరా ఎవరన్న! మేక కోసుడు గుట్ట మీదనే, వండుడు గుట్ట మీదనే, వచ్చిన పోయినోళ్ళకు పెట్టుడు గుట్ట మీదనే. ఒక్క మెతుకు ఇంటికి తేవొద్దు. మా తాతల నుంచి గంతే. కులం లేదు మతం లేదు, ఊరంత వచ్చి తింటరు.

ఆఖరికి గా సారే ఒప్పుకున్నడు. "జల్ది కానిచ్చుకొని దిగుండ్రి, నేను సూడనట్టే ఉంట." సూడనట్టున్నోడు పంక్తిల మొదలే కూసున్నడు. రెండోసారి అడిగి నల్లి బొక్కలు ఏయించుకున్నడు. గా చేతులతోనే నిన్న మల్లయ్యన్న మెడ మీద చెయ్యేసి జీపుల నూకిండు. సిగ్గు లేదా మనిషికి?

గా మేకను మాకు అమ్మింది గూడ మల్లయ్యన్ననే.

ఏప్రిల్ 16, బుధవారం

బందెలదొడ్డి కాడికి పోయిన. మేకలు ఒర్రుతున్నయ్. నీడ లేదు, తొట్టిల నీళ్ళు అడుగంటినయ్. కావలున్న ముసలాయన "ఆర్డర్ లేదమ్మా" అంటడు. నీళ్ళు పెట్టను ఆర్డరేంది? మేకకు దాహమైతే ఆర్డర్ కోసం ఆగుతదా?

యాదమ్మక్క సుబాబుల్ కొమ్మలు కొట్టుకొచ్చి దడి మీది నుంచి లోపలికి ఏస్తున్నది. నేను బోరింగు కాడికెళ్ళి బిందెలు మోసిన. ముసలాయన వద్దు వద్దనుకుంట ఆఖరికి తనే గేటు తీసిండు. ఆ మనిషికి మనసు ఉంది. పై నుంచి వచ్చిన మాటకు లేదు.

ఒక సూడి మేక పడుకొని లేస్తలేదు. యాదమ్మక్క దాని తల ఒళ్ళె పెట్టుకొని, "ఆయన లేకుంటె ఇవి మేస్తలేవు చెల్లే" అన్నది. మల్లయ్యన్న ఎప్పుడొస్తడు అని నన్ను అడుగుతది! "తప్పు చేయలే కదక్కా, ఇడుస్తరు" అన్న. అట్ల అనుడు ఎంత అల్కగుంది.

ఏప్రిల్ 17, గురువారం

సర్పంచ్ కోడలి జాకెట్టు చేతులు ఎనుకది ముంగట కుట్టిన. మొత్తం ఇప్పాలె.

మిషన్ కాడికి వచ్చినోళ్ళందరిది ఒకటే ముచ్చట. తునికాకు పోయింది. ఇంకో పది పన్నెండు దినాలల్ల ఆకు తెంపుడు మొదలయ్యేది. గుట్ట మీది చెట్లన్ని మాడినయ్. ఆకు మీదనే ఊళ్ళె సగం మంది ఎండకాలం ఎల్లదీస్తరు. "మల్లిగాడు మా నోట్ల మన్ను కొట్టిండు" అంటున్నది ఎదురింటి పోశమ్మ. ఆయననే అని ఎట్ల చెప్తవే అంటె, "సార్లు అబద్ధం చెప్తరా" అంటది. సార్లు! రేషన్ కార్డు కాడ గీ పోశమ్మనే సార్లను తిట్టని తిట్టు లేదు.

రేపు గుట్ట ఎక్కుత. రిసార్టు దిక్కు నుంచి కాలుకుంట వచ్చిన జాడ ఉంటది కదా. ఫోన్ల ఫోటో కొట్టి అడవోళ్ళ రేంజాఫీసుల ముఖం మీద పెడ్త.

ఏప్రిల్ 18, శుక్రవారం

రాయబుద్ధి అయితలేదు. రాయాలె.

ఎండ ఎక్కకముందే పోయిన. ఈయనకు చెప్పలే. బోర్డు దాటంగనే వాసన. చెప్పుల కింద బూడిద ఇంకా వెచ్చగనే ఉన్నది. ఇప్ప చెట్లు మొదట్ల నల్లగ కాలినయ్, పైన ఆకు ఎండి ఏలాడుతున్నది. పిట్ట సప్పుడు లేదు.

రిసార్టు దిక్కు పోయిన మొదలు. గా దిక్కు గడ్డి అట్లనే ఉన్నది. పసుపు పచ్చగ, మోకాలెత్తు. ఒక్క పోస కాలలే. మల్ల ఇటు మర్రిన. కాలిన జాగ కిందికి పోను పోను ఎడల్పు, మీదికి పోను పోను సన్నం. సన్నగయిన కాడికి నడుసుకుంట నడుసుకుంట పోతే దర్గ ఎనుక పరుపు బండ కాడ తేలింది.

మా మూడు రాళ్ళు. కందూరు పొయ్యి.

మన్ను కప్పినం మేం. కానీ ఒక మొద్దు సగం బయటికే ఉన్నది, మన్ను గాలికి కొట్టుకపోయింది. అక్కడికెళ్ళి మొదలై నల్లటి తోక ఒకటి గడ్డిలకు పోయింది. చిన్న పిలగాన్ని అడిగినా చెప్తడు.

కూసున్న అక్కడనే. ఏడ్పు రాలే, కోపమొచ్చింది. కందూరు దినం, గా ఆదివారమే, నీళ్ళ బిందె నా చేతుల ఉండె. పొయ్యిల గుమ్మరియ్య పోతుంటె మా వదిన చెయ్యి పట్టింది. "ఏమే సైదమ్మా, మతి ఉందా? కందూరు పొయ్యి దానంతట అది సల్లారాలె. నీళ్ళు పోస్తే మొక్కు అందదు. పిలగాని మీద పడ్తది." పిలగాని మాట తీసినంక ఎవరు పోస్తరు? బిందె దించిన. ఈయన కాలితోని మన్ను నూకిండు. అందరం దిగినం. మా దిగుడు, గాలి లేసుడు.

ఫోటో కొట్టలే.

అదే తారీకు, సాయంత్రం

ఈయనకు చెప్పిన. సూది ఆగింది.

"ఎవరన్న సూసిండ్రా నిన్ను గుట్ట మీద?"

గది! గదీ అడిగిండు! మల్లయ్యన్న లోపలున్నడు, చేయని తప్పుకు. గీయన అడిగేది నన్ను ఎవరన్న సూసిండ్రా అని. 

"గాలికి ఎక్కడికెళ్ళో వచ్చి పడ్డదేమో" అన్నడు మల్ల. మన పొయ్యి కాడనే మొదలైంది, కండ్లతోని సూసొచ్చిన అన్న. "అయితేంది, ఊరందరు తిన్నరు, ఊరందరి పొయ్యి" అన్నడు. వాహ్. తినెటప్పుడు కందూరు మా వదినది, కాలినంక ఊరందరిది.

అన్నం ముట్టలే నేను. ఆయన తిన్నడు. తిన్నడు కానీ సగం ఇడిసిండు, గది గూడ రాయాలె.

ఏప్రిల్ 19, శనివారం

వదినకు ఫోన్ చేసిన. వెనుక నుంచి పిలగాని కేక ఇనపడ్తున్నది, ఆడుకుంటున్నడు. మంచిగున్నడు, అల్లా సల్లగ సూసిండు. వానికి ఎనిమిది నెలలు, వానిదేం తప్పు.

"వదినా, మన పొయ్యే."

"నోరు ముయ్. మొక్కు తీరినంక గిసుంటి మాట నోట్లెకెళ్ళి తీయొద్దు."

"మల్లయ్యన్న జైలుకు పోతడు వదినా."

"ఆయన మేకలోడు, వాళ్ళకు ఇసుంటివి అలవాటే. నాలుగు దినాలు ఉండి వస్తడు. నీ మొగడు పోతే ఎవరు తెస్తరు? సాయిబులు గుట్ట కాల్చిండ్రు అని రేపు పేపర్ల రాస్తే మన గతేందే?"

గా చివరి మాటకు నాకు గూడ భయమైంది. అబద్ధమెందుకు. ఇన్ని ఏండ్లల్ల ఊళ్ళె మమ్ముల అట్ల ఏరుపరిచి ఎవరు సూడలే. సూసే దినం మా పొయ్యి తోనే మొదలైతదా?

కానీ మల్లయ్యన్నను ఇప్పుడు సూస్తున్నది గట్లనే కదా. మేకలోడు, వాళ్ళంతే, అని. మాకు కావొద్దన్నది ఆయనకు కావచ్చునా? ఫోన్ పెట్టేసిన. మల్ల చేసింది, ఎత్తలే.

ఏప్రిల్ 20, ఆదివారం

సూడి మేక సచ్చిపోయింది. కడుపుల రెండు పిల్లలు.

ఏప్రిల్ 21, సోమవారం

పోయిన. బస్సు ఎక్కి, ఎవరికి చెప్పకుండ, రేంజాఫీసుకు.

బీట్ సారు వరండల నిలబడ్డడు. నన్ను సూడంగనే నవ్విండు. "ఏమమ్మా, మల్ల కందూరా?" కందూరు కాదు సారు, గుట్ట కాలింది మా పొయ్యికెళ్ళి, మల్లయ్యకు ఏం సంబంధం లేదు అన్న. నవ్వు ఆగింది. అటు ఇటు సూసి నన్ను చెట్టు కిందికి తీస్కపోయిండు.

"ఏం మాట్లాడుతున్నవ్? నిప్పు బంద్ ఉన్నప్పుడు కందూరు ఎట్ల చేసిండ్రు అని అడుగుతరు. ఎవరు పోనిచ్చిండ్రు అని అడుగుతరు."

"మీరే పోనిచ్చిండ్రు. తిన్నరు గూడ."

ముఖం ఎర్రగయింది. "నేను తిన్ననని ఎవరు చెప్పిండ్రు?" నేను సారు, నేనే వడ్డించిన, బొక్కలు ఏయమన్నరు, ఏసిన. నేను పెద్ద సారు గదిలకు నడిసిన.

పెద్ద సారు మంచిగనే మాట్లాడిండు, కూసోమన్నడు. అంత ఇన్నడు. ఇని, "అమ్మా, ఆయన ఒప్పుకున్నడు కదా" అన్నడు.

ఒప్పుకున్నడా? 

"శనివారమే సంతకం పెట్టిండు. నేనే నిప్పు పెట్టిన అని. ఇంక జైలు లేదు, జుర్మానా కట్టి పోతడు, మేకలను ఇడుస్తం."

మేకలు దొడ్డిల సస్తున్నయని చెప్పిండ్రంట ఆయనకు. సంతకం పెట్టినోళ్ళ మేకలే బయటికొస్తయని చెప్పిండ్రంట. పెట్టిండు. పెట్టినంక ఇడిసిండ్రా? ఆదివారం సంతకం చేసే సారు రాలేదంట. గా ఆదివారమే సూడి మేక సచ్చింది.

"నేను చెప్పింది రాసుకోండ్రి సారు" అన్న. కేసు అయిపోయిందమ్మా, ఇంటికి పో, నీకెందుకీ పరేషాని అన్నడు. ఆయనకు గూడ నా మొగని మాటనే.

బయటికొస్తుంటె గోడకు పెద్ద కాయితం. అడవిని కాపాడుదాం, సమాచారం ఇయ్యుండ్రి, ఫోన్ నంబరు. ఇయ్యనీకే కదా వచ్చిన!

ఏప్రిల్ 22, మంగళవారం

మల్లయ్యన్న ఇంటికొచ్చిండు. చేతులకు గుడ్డలు. మంద ఎనుక నడుస్తున్నడు, తల దించుకొని. తొవ్వ పొంటి ఒక్కడు పలకరియ్యలే. పోశమ్మ తుప్పున ఉమిసింది.

ఇగ ఆయన మేకలు గుట్ట ఎక్కొద్దంట, ఎప్పటికీ. గది గూడ రాయించుకున్నరు. గుట్ట లేకుంట మేకలు ఏడ మేస్తయ్? పత్తి చేన్లల్ల ఎవరు రానిస్తరు? మందను అమ్ముతడంట. ఆయన తండ్రి కాలం నుంచి ఉన్న మంద.

మధ్యాహ్నం వాళ్ళింటికి పోయిన. యాదమ్మక్క నన్ను సూసి ఎదురొచ్చి రెండు చేతులు పట్టుకున్నది. "ఊరంత ఒక దిక్కయితే నువ్వొక్కదానివే వచ్చినవ్ చెల్లే. నీళ్ళు మోసినవ్. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె." గా చేతులు ఇడిపించుకునుడు ఇంత కష్టమని నాకు తెల్వది.

చెప్పిన. అక్కా, నిప్పు మాది. కందూరు పొయ్యిది. శుక్రవారం ఎరుకయింది నాకు.

చేతులు తనే ఇడిసింది.

"శుక్రవారమా?"

"శుక్రవారం."

"ఆయన శనివారం సంతకం పెట్టిండు."

ఆఫీసుకు పోయిన అక్కా, నిన్న పోయిన, రాసుకోలే వాళ్ళు... నా మాట నాకే ముడుసుకపోతున్నది. యాదమ్మక్క ఒర్రలే. ఒర్రితే బాగుండు. "ఆఫీసోళ్ళు రాసుకోకుంటె ఏమాయె. మా ఆయన ముఖం మీద ఉమిసింది ఆఫీసోళ్ళా? గీ ముచ్చట నా ఇంట్ల నా చెవుల చెప్తివి, నీ మనసు అల్కగయింది, పోతవు. ఎల్లుండి పంచాయితి కాడ గ్రామసభ ఉన్నది. తునికాకు పోయిందని మా ఆయనను నిలబెడ్తరు. గక్కడ చెప్పు. చెప్పకుంటె మా వాకిట్లెకు రాకు."

మల్లయ్యన్న మంచం మీద కూసోని అంత ఇన్నడు. నా దిక్కు సూడలే.

తిడ్తే పడ్డ. ఆమె అన్నదాంట్ల ఒక్క తప్పు మాట లేదు. ఇన్ని దినాల సంది నేనే అందరి మీద ఒర్రుకుంట తిరుగుతున్న, నా ముఖం మీద ఒర్రెటోళ్ళు ఇయ్యాల దొరికిండ్రు.

ఏప్రిల్ 23, బుధవారం

ఈయనకు చెప్పిన, రేపు సభల చెప్త అని.

మొదలు బతిమాలిండు. పరుపులు ఎవరు కుట్టించుకుంటరు మన కాడ? జాకెట్లు ఎవరు ఇస్తరు నీకు? తునికాకు పోయిన ప్రతి ఇల్లు మన మీదికొస్తది. మనం నాలుగిండ్లోళ్ళం ఉన్నం ఊళ్ళె, ఆలోచించు. అన్నీ నిజమే. ఆలోచించనా నేను? రాత్రి పగలు గదే ఆలోచన.

తర్వాత కోపానికొచ్చిండు. "నీకు మొగడు ఎక్కువనా, మేకలోడు ఎక్కువనా?" ఛీ. ఏం మాటది.

"నువ్వే చెప్పరాదయ్యా. మన్ను నూకింది నువ్వే. నువ్వు చెప్తే నేను పక్కన నిలబడ్త" అన్న. గుడ్లు తేలేసిండు. మల్ల చిన్నగ అన్నడు, "నాతోని కాదే." గా ఒక్క మాటకు జాలయింది. ఇరవై ఏండ్ల సంది చేసిన సంసారం, ఆయన పిరికితనం నాకు తెల్వనిది కాదు. కానీ ఆయన పిరికితనానికి మల్లయ్యన్న మంద అమ్ముకోవాలెనా?

వదిన రేపు తెల్లారకముందే నకిరేకల్‌ల బస్సు ఎక్కుతదంట. నన్ను ఆపనీకే. రానీ. రానీ, సభకు తోల్కపోత.

ఏప్రిల్ 24, గురువారం

పంచాయితి మైకు అంటున్నది. గ్రామసభ, గ్రామసభ, అందరు రావాలె. అందరు పోతున్నరు, చెప్పుల సప్పుడు ఇనపడ్తున్నది. పోశమ్మ గొంతు అందరికంటె మీద ఉన్నది.

మల్లయ్యన్న గూడ పోయిండు, కిటికీల నుంచి సూసిన. యాదమ్మక్క పక్కన. మా ఇంటి దిక్కు ఒక్కసారి సూసింది, ఆగలే.

చీర కట్టుకున్న. ఏం చెప్పాలెనో రెండు మూడు సార్లు నోట్ల అనుకున్న. కందూరు మాది, పొయ్యి మాది, నీళ్ళు పోయలే. గంతే. ఎక్కువ మాట్లాడితే ఏడ్పొస్తది.

ఈయన ముందటి గడప మీద అడ్డం కూసున్నడు. కాళ్ళు అటు చాపి, ఈపు ఇటు ఆనిచ్చి. తొవ్వ ఇడువయ్యా అన్న. ఇననట్టే ఉన్నడు. పక్కన వదిన, ఆయన భుజం మీద చెయ్యేసి. పొద్దుగాలనే బస్సు దిగింది. పిలగాన్ని గూడ ఎత్తుకొచ్చింది. నన్ను సూసి వాడు నవ్వుతున్నడు.

మా ఇంటికి ఎనుక దర్వాజ ఉన్నది. చెప్పులు అక్కడనే ఉన్నయ్. ఎవరు ఆపరు.

ఎనుక నుంచి నేనెందుకు పోవాలె?